మనకి వచ్చింది వంటింటి తెలుగు కాదు

ఈసారి పాఠం లేదు. కోడి సూపు గురించి నా అభిప్రాయం ఒకటి ఉంది, అది రాస్తున్నాను. మధ్యలో వ్యాకరణం వస్తుంది, ముందే చెప్తున్నాను.

అమెరికాలో పుట్టి పెరిగిన మనలాంటివాళ్ళ గురించి పెద్దవాళ్ళు ఒక మాట అంటూ ఉంటారు: "వీళ్ళకి వచ్చేది వంటింటి తెలుగే." చదవడం రాదు, రాయడం రాదు, ఇంట్లో మాట్లాడే నాలుగు ముక్కలు మాత్రం వచ్చు అని దాని అర్థం. కొంచెం జాలి, కొంచెం వెక్కిరింత. నాకు ఈ మాట నచ్చదు. వెక్కిరింత ఉన్నందుకు కాదు, అది నిజం కానందుకు.

మనకి వచ్చింది భోజనాల బల్ల తెలుగు. తిన్నావా, తిన్నాను, ఇంకొంచెం, చాలు, వద్దు, కారంగా ఉంది, పెరుగు వెయ్యి. ఇవన్నీ వంట అయిపోయాక వచ్చే మాటలు. వంట జరుగుతున్నప్పుడు పలికే మాటలు వేరు. అవి పలికే సమయానికి మనం మేడ మీద గదిలో హోంవర్క్ చేసుకుంటున్నాం. "రా, అన్నం పెట్టాను" అని పిలిచినప్పుడే కిందకి వచ్చాం. అందుకే మన తెలుగు సరిగ్గా అక్కడే మొదలవుతుంది, అక్కడే ఆగిపోతుంది.

మా నానమ్మ తణుకులో ఉంటుంది. ఎనభై మూడేళ్ళు. చెవులు కొంచెం తగ్గాయి. నేను మిషిగన్‌లో ఉంటాను. చాలా ఏళ్ళు మా ఫోన్ మాటలు రెండు నిమిషాల్లో అయిపోయేవి. "తిన్నావా?" "తిన్నాను." "ఏం తిన్నావు?" "పాస్తా." "చలిగా ఉందా?" "ఉంది." తర్వాత ఫోన్ నాన్న చేతికి వెళ్ళిపోయేది. ఇద్దరికీ ప్రేమ లేక కాదు, మాట్లాడుకోవడానికి కళ్ళ ముందు ఏమీ లేక.

ఇప్పుడు శనివారం పొద్దున మాకు పది, వాళ్ళకి రాత్రి ఎనిమిదిన్నర అయినప్పుడు నేను స్టవ్ పక్కన ఫోన్ నిలబెట్టి కోడి సూపు కాస్తాను. రెండు గంటలు పడుతుంది. రెండు గంటలూ నానమ్మ గిన్నెలోకి చూస్తూ ఉంటుంది. నా అభిప్రాయం ఇదే: తెలుగు నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఫ్లాష్‌కార్డులు కొనేముందు ఒక పెద్ద గిన్నె కొనండి. ఆ గిన్నె స్టవ్ మీదే పెట్టండి, కుక్కర్‌లో వద్దు.

కుక్కర్ ఎందుకు వద్దో చెప్తాను. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్ళు సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి కాబట్టి నలభై నిమిషాల్లో సూపు అయిపోతుంది. రుచి కూడా బాగానే ఉంటుంది, అబద్ధం చెప్పను. మా నానమ్మే పప్పుకి కుక్కర్ వాడుతుంది. కానీ మూత మూసేశాక కనిపించేది ఏమీ లేదు, కాబట్టి చెప్పుకునేది కూడా లేదు. "ఎన్ని విజిల్స్?" "మూడు." అయిపోయింది తెలుగు. ఇన్‌స్టంట్ పాట్ అయితే ఆ విజిల్ కూడా వెయ్యదు.

మూత లేని గిన్నెలో అలా కాదు. మూడున్నర పౌండ్ల కోడి, అంటే సుమారు కిలోన్నర, ఎముకలతో సహా. మూడు లీటర్ల చల్లనీళ్ళు. నానమ్మ మొదటి ప్రశ్న కోడి గురించే: "లేతదా, ముదురుదా?" నాకు తెలిసిన లేత అంటే లేత రంగు. ఇక్కడ సూపర్ మార్కెట్‌లో దొరికే బ్రాయిలర్ కోడి వయసు ఆరేడు వారాలు, అంతే. అది ఎప్పుడూ లేతదే. సూపుకి ముదురు కోడి మంచిది, గుడ్లు పెట్టడం మానేసిన పెట్ట. మాకు హలాల్ కొట్లో దొరుకుతుంది. ఆ రెండు మాటలూ బెండకాయకి పనికొస్తాయి, కొబ్బరికాయకి పనికొస్తాయి, ఆకులకీ రంగులకీ పనికొస్తాయి. వయసుకి మించి మాట్లాడే పిల్లాణ్ణి కూడా "వీడు ముదురు" అంటారని నానమ్మ చెప్పింది. ఉదాహరణగా మా నాన్న పేరు చెప్పింది.

తర్వాత క్రియలు. ఇంగ్లీషులో బాయిల్ అనే ఒక్క మాటతో పని అయిపోతుంది. తెలుగులో ఒకే గిన్నెలో, ఒకే నిమిషంలో, మూడు పనులు జరుగుతాయి. ముందు నీళ్ళు కాగుతాయి, అంటే వేడెక్కుతాయి. తర్వాత మరుగుతాయి, అంటే బుడగలు వస్తాయి. వాటిలో మాంసం ఉడుకుతుంది. నీళ్ళు ఉడకవు, మాంసం మరగదు. (నీళ్ళు, పాలు ఎప్పుడూ బహువచనం అని గుర్తుంచుకోండి: మరుగుతున్నాయి. సూపు ఏకవచనం: మరుగుతోంది.) మూత పెట్టి తక్కువ నీళ్ళలో పెడితే ఉల్లిపాయ మగ్గుతుంది. మర్చిపోతే పులుసు అడుగంటుతుంది. ఎక్కువసేపు ఉంచితే నీళ్ళు ఇగిరిపోతాయి. ఇగురు అనే కూర పేరు అక్కడిదే. రొయ్యల ఇగురు వందసార్లు తిన్నాను, ఆ పేరులో ఒక క్రియ ఉందని గిన్నె ముందు నిలబడ్డాకే తెలిసింది.

ఇంకో సంగతి. ఈ క్రియలన్నీ జంటలుగా వస్తాయి. నీళ్ళు కాగుతాయి, నేను కాస్తాను. మాంసం ఉడుకుతుంది, నేను ఉడికిస్తాను. ఉల్లిపాయలు వేగుతాయి, నేను వేయిస్తాను. సూపు చల్లారుతుంది, నేను చల్లారుస్తాను. దానంతట అది జరిగే పని ఒకటి, నేను చేసే పని ఒకటి. పుస్తకంలో దీన్ని అకర్మకం, సకర్మకం అని రాస్తారు. ఆ పేజీ నేను నాలుగుసార్లు చదివాను, నాలుగుసార్లూ నిద్ర వచ్చింది. స్టవ్ దగ్గర ఇది వ్యాకరణంలా అనిపించదు. ఎవరి పని ఏమిటో కళ్ళకి కనిపిస్తుంది. మంట తగ్గించడం నా పని, ఉడకడం కోడి పని.

నానమ్మ "ఉడుకుతుంది" అనదు. "ఉడుకుద్దిలే, కంగారుపడకు" అంటుంది. ఆ "ద్ది" ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. కోస్తా జిల్లాల్లో అలా మాట్లాడతారు. మీ ఇంట్లో వేరేలా అంటే అదే సరైనది మీకు.

మొదటి పదిహేను నిమిషాల్లో పైన బూడిద రంగు నురగ వస్తుంది. నానమ్మ దాన్ని తెట్టు అంటుంది. "తెట్టు కట్టింది చూడు, గరిటెతో తీసెయ్యి." మాంసంలోని ప్రొటీన్లు వేడికి గట్టిపడి అలా పైకి తేలతాయి. తింటే ఏమీ కాదు. కానీ తీసేస్తే సూపు తేటగా ఉంటుంది. తేట అన్న మాట నేను అంతకుముందు ఒక్క చోటే విన్నాను: తేట తెలుగు. తెలుగు సంఘం సభల్లో మైకు ముందు అంటారు కదా. ఏదో పొగడ్త అనుకుని వదిలేసేదాన్ని. తెట్టు తీసేశాక గిన్నె అడుగు దాకా కనిపించింది. తేట అంటే అది.

ఇక్కడ మంట తగ్గించాలి. గట్టిగా మరిగితే కొవ్వు నీళ్ళలో కలిసిపోయి సూపు మళ్ళీ మసకబారుతుంది. నానమ్మ "సిమ్‌లో పెట్టు" అంది. ఇది నాకు చాలా ఇష్టమైన తెలుగు మాట. ఇండియాలో గ్యాస్ స్టవ్ మీటల పక్కన సిమ్ అని రాసి ఉంటుంది. సిమ్మర్ అనే ఇంగ్లీషు మాటకి అది ముక్క. ఇక్కడ నా స్టవ్ మీద లో, హై అని ఉంది. మా ఊళ్ళో ఏ అమెరికన్‌తోనైనా "సిమ్‌లో పెట్టు" అంటే ఫోన్ గురించి అనుకుంటారు. కాబట్టి అది ఇప్పుడు తెలుగు మాటే. అచ్చ తెలుగు కావాలనేవాళ్ళకి "సన్నని సెగ మీద పెట్టు" అన్నది ఉంది. నేను రెండూ వాడతాను.

అల్లం, వెల్లుల్లి, ఒక ఉల్లిపాయ, పసుపు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, జీలకర్ర, కొత్తిమీర కాడలు. లేత కోడి అయితే రొమ్ము ముక్కలు అరగంటకి బయటికి తీస్తాను, లేకపోతే పీచుపీచుగా అవుతాయి. లోపల 74 డిగ్రీలు వస్తే చాలని అమెరికా ప్రభుత్వం చెప్తుంది. ఎముకలు మాత్రం మళ్ళీ గిన్నెలోకే. ఉప్పు చివర్లో.

ఎంత వెయ్యాలి అని పెద్దవాళ్ళని అడగకండి. "చూసి వెయ్యి", "తగినంత", "కాస్త" అని మూడే జవాబులు వస్తాయి, మీకు విసుగొస్తుంది, వాళ్ళకీ విసుగొస్తుంది. "అయిందని ఎలా తెలుస్తుంది?" అని అడగండి. అప్పుడు వాక్యాలు వస్తాయి. "పచ్చివాసన పోద్ది." "ఎముక దగ్గర కండ వదిలేస్తది." "వేళ్ళకి రాసుకుని చూడు, జిగురు తెలుస్తది." వంటల వీడియోల్లో ఈ వాక్యాలు తక్కువ, ఎందుకంటే వీడియోకి తొందర.

తొందర లేని చోట ఇంకొకటి జరుగుతుంది. తెట్టు తీసేశాక, మంట తగ్గించాక, ఒక గంట చెయ్యడానికి ఏ పనీ ఉండదు. ఫోన్ పెట్టెయ్యడం కుదరదు, గిన్నె అక్కడే ఉంది. ఒక శనివారం ఆ గంటలో నానమ్మ తన అత్తగారి గురించి చెప్పింది. ఆవిడ కోడిని లోపలి వంటింట్లో వండనిచ్చేది కాదట. పెరట్లో వేరే పొయ్యి, వేరే దాక, వేరే గరిటె. కొత్తగా కాపురానికి వచ్చిన మా నానమ్మ వానలో గొడుగు పట్టుకుని ఒక చేత్తో పొయ్యి ఊదిందట. "పొగకి ఏడ్చానో, మా అమ్మ గుర్తొచ్చి ఏడ్చానో ఎవరికీ తెలవలా" అంది. ఈ కథ మా నాన్నకి తెలియదు. అరవై ఏళ్ళుగా ఆవిణ్ణి ఆ పొయ్యి గురించి ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు. సూపు ఉడుకుతోంది, అందుకని వచ్చింది. అందులో ఒక్క మాట కూడా నాన్న నాకు ఇంగ్లీషులో చెప్పాల్సిన అవసరం రాలేదు.

కొందరు అంటారు, వంట విధానం రాసి పెట్టుకుంటే చాలు కదా అని. దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. 2000లో నెబ్రాస్కాలో స్టీఫెన్ రెనార్డ్ అనే డాక్టరు "చెస్ట్" అనే వైద్య పత్రికలో కోడి సూపు మీద ఒక పరిశోధన ప్రచురించాడు. మంట, వాపు ఉన్న చోటికి పరుగెత్తే ఒక రకం తెల్ల రక్తకణాల కదలికని సూపు ప్రయోగశాలలో తగ్గించిందని చూపించాడు. జలుబు తగ్గుతుందని నిరూపించలేదు, మనుషుల మీద చెయ్యలేదు. నాకు ఆసక్తిగా అనిపించింది వేరే విషయం. ఆ సూపు ఆయన భార్య అమ్మమ్మది. ఆవిడ కుటుంబం లిథువేనియా నుంచి వచ్చింది. చిలగడదుంప, టర్నిప్, క్యారెట్, సెలరీ, పార్స్‌లీ అన్నీ వేస్తారు. ఆ విధానం ఇప్పుడు ఇంగ్లీషులో ప్రపంచంలో ఎవరికైనా దొరుకుతుంది. ఆ అమ్మమ్మ గిన్నె పక్కన నిలబడి ఏ మాటలతో చెప్పేదో మాత్రం ఆ పరిశోధనలో లేదు. సూపు మిగిలింది. అందుకే నేను కొలతలు రాసుకోను, నానమ్మ వాక్యాలు రాసుకుంటాను.

మాంసం తినని ఇళ్ళలో మిరియాల చారు పెట్టుకోండి. కాగడం, మరగడం, పొంగడం అన్నీ అందులోనూ ఉన్నాయి, ఉడకడానికి కందిపప్పు ఉంది. నానమ్మ, అమ్మమ్మ లేనివాళ్ళు పిన్నినో, అత్తనో, వీధి చివర ఉన్న ఆంటీనో పిలవండి. మీ గిన్నెలో ఏం జరుగుతోందో చెప్పమంటే కాదనే తెలుగువాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు. అడగకపోయినా చెప్తారు.

స్టవ్ మీంచి దించాక రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున తీసి చూస్తే పైన పసుపుపచ్చగా కొవ్వు, కింద సూపు జెల్లీలాగా ఉంది. ఎముకల్లోంచి వచ్చిన జెలటిన్ అది. నానమ్మకి ఫోటో పంపించాను. "బాగా పేరుకుంది" అని ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. నెయ్యి పేరుకుంటుంది, సూపు పేరుకుంటుంది. నేమ్ అనే అర్థం ఉన్న పేరుకీ దీనికీ ఏం సంబంధం లేదు, కంగారుపడకండి.

రెండో మెసేజ్‌లో వచ్చే శనివారం చేపల పులుసు అంది. ముక్కలు వేశాక గరిటె పెట్టకూడదట, గిన్నె చెవులు పట్టుకుని కుదపాలట. ఈ వారం కుదుపు, తిప్పు, కలుపు అనే మూడు మాటలకీ తేడా నేర్చుకుంటున్నాను.