తూటాల బెల్టు ఎవరి మీదకి మావా?

మొన్న శనివారం డల్లాస్ నుంచి మా కాలేజీ మిత్రుడొకడు ఫోటోలు పంపించాడు. కొత్త ఇల్లు అనుకున్నా, కొత్త కారు అనుకున్నా. చూస్తే పన్నెండు బోరు పంప్ తుపాకీ! పక్కనే మూడు రకాల సరంజామా: నడుముకి కట్టుకునే తూటాల బెల్టు, భుజం మీంచి అడ్డంగా వేసుకునే పట్టీ, తుపాకీ పక్కనే అంటించుకునే ఆరు తూటాల అర. కింద ప్రశ్న: "మావా, మీది మొగల్తూరు కదా, రాజుల ఊరు. తొందరగా రీలోడ్ చెయ్యాలంటే వీటిల్లో ఏది ఉంచుకోమంటావ్?"

వాడికి ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పాను. వాడు వినలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. వాడొక్కడే కాదు, ఇదే ప్రశ్న జేబులో పెట్టుకు తిరిగే మనవాళ్ళు ఇంకా ఉన్నారు.

మా ఊరు కృష్ణంరాజు గారిదీ, చిరంజీవి గారిదీ. పేరుపాలెం బీచికి వచ్చేవాళ్ళు ఆ రెండు పేర్లూ తల్చుకోకుండా వెళ్ళరు. నాకూ చిన్నప్పుడు తూటాల బెల్టు అంటే సినిమాయే. 1971లో కృష్ణ గారి మోసగాళ్ళకు మోసగాడు, 1990లో మా ఊరి హీరో కొదమసింహం, 2002లో మహేష్ టక్కరిదొంగ. ముప్పై ఏళ్ళు మనకి గుర్రమూ, టోపీ, బెల్టూ చూపించారు. బెల్టు నిండా తూటాలుంటాయి గానీ, అందులోంచి ఒకటి తీసి తుపాకీలో పెట్టే హీరో మాత్రం భూతద్దం పెట్టి వెతికినా సరిగ్గా దొరకడు. అది నగ. వడ్డాణం లాంటిది. అభిమానిగా నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ నగని నిజమైన తుపాకీకి తొడిగితేనే గొడవ.

సరే, వాడి ప్రశ్నకి ఇంజనీరు లాగే సమాధానం చెబుదాం. ఒక్కో పద్ధతీ చూడండి.

1. భుజం పట్టీ. చూడ్డానికి గబ్బర్ సింగ్ లా భలే ఉంటుంది. పనికి అన్నిట్లోకీ అధమం. నడిస్తే ఊగుతుంది, వంగితే ముందుకి జారుతుంది. సగం తూటాలు వీపు వైపుకి పోతాయి, చెయ్యి అందదు. వేట తూటా ఒక్కోటి 45 గ్రాముల చిల్లర అనుకుంటే పాతిక తూటాలు కేజీ దాటతాయి. ఆ బరువంతా ఒక్క భుజం మీద.

2. నడుము బెల్టు. కాస్త నయం. కానీ తోలు బెల్టులో ఇత్తడి తూటాలు నెలల తరబడి వదిలేస్తే పచ్చగా చిలుం పడుతుంది. 1960లకి ముందు తూటాల గొట్టాలు ఎక్కువగా కాగితంవే. మా డెల్టా చెమ్మకి అవి ఉబ్బి, గొట్టంలోకి దూరేవి కావట. ఇప్పుడు ప్లాస్టిక్ కాబట్టి ఆ బాధ లేదు. చిలుం బాధ మాత్రం ఉంది.

3. తుపాకీ పక్కన అంటించే అర. చెయ్యికి దగ్గర, నిజమే. కానీ మరలు మరీ బిగిస్తే పంప్ పట్టేస్తుంది. తుపాకీ ఒక పక్కకి బరువెక్కుతుంది. వెనక దుంగకి తొడిగే ఎలాస్టిక్ రకమైతే, ఏడాది తిరిగేసరికి సాగిపోయి తూటాలు కింద రాలతాయి.

4. పోటీల వాళ్ళ క్లిప్పులు. నాలుగేసి తూటాలు రెండు జంటలుగా పేర్చి, ఒక్క గుప్పిట్లో తీసి, రెండేసి చొప్పున లోపలికి తోసేస్తారు. స్టాప్ వాచీతో చేసే ఆట అది. అక్కడ రేంజి అధికారి ఉంటాడు, గంటల తరబడి సాధన ఉంటుంది. వాళ్ళతో నాకు పేచీ లేదు.

5. సాదా సంచీ, లేదా చొక్కా జేబు. ఒలింపిక్ ట్రాప్ షూటర్లు చేసేది ఇదే. రౌండుకి 25 పళ్ళేలు, నడుముకి ఒక సంచీ. మన హైదరాబాద్ కుర్రాడు కైనాన్ చెనాయ్ రియోకి వెళ్ళినా (2016), హాంగ్ఝౌ ఆసియా క్రీడల్లో టీం స్వర్ణం తెచ్చినా (2023) ఆ ఆటకి కావాల్సింది తొందర కాదు, నిదానం.

అంటే ఏమైంది? ప్రపంచంలో అందరికంటే బాగా కాల్చేవాళ్ళకి సంచీ చాలు. మా డల్లాస్ వాడికి మాత్రం బెల్టు కావాలి!

ఇంకో సంగతి. తూటాలు ఎలా మొయ్యాలన్న దాంట్లో వేగం కంటే ముందు వచ్చేది ఏ తూటా అన్నది. ఇరవై బోరు తూటా పొరపాటున పన్నెండు బోరు తుపాకీలో వేస్తే, అది జారి ముందుకెళ్ళి గొట్టంలో ఇరుక్కుంటుంది. పైకి ఖాళీగానే కనిపిస్తుంది. "పేలలేదే" అనుకుని వెనకాల పన్నెండు బోరుది పెట్టి కాల్చారో, గొట్టం బద్దలై చేతులు పోతాయి. ఇరవై బోరు తూటాలకి పసుపు రంగు వేసేది అందుకే. మన భాషలో చెప్పాలంటే టైప్ చెకింగ్ లేని ఫంక్షన్ ఇది. తప్పుడు ఇన్ పుట్ కి ఎర్రర్ ఇవ్వదు, క్రాష్ అవుతుంది. క్రాష్ అయ్యేది ప్రోగ్రాం కాదు, మనిషి.

మా తాతగారి స్నేహితుడొకాయన ఉండేవారు. కుర్రతనంలో బాతుల వేటకి వెళ్ళిన మనిషి. ఆయన్ని నేనూ ఇదే అడిగాను, "తాతగారూ, తూటాలు గబగబా ఎలా నింపేవారండీ?" అని. ఆయన నవ్వేసి, "తొందరగా నింపడం గొప్ప కాదబ్బాయ్. తొందరగా ఖాళీ చెయ్యడం రావాలి" అన్నారు. బోదె దాటాలన్నా, గట్టెక్కాలన్నా, పడవెక్కాలన్నా ముందు తుపాకీ విరిచి రెండు తూటాలూ తీసి జేబులో వేసుకోవాల్సిందేనట. అవతల గట్టు మీద మళ్ళీ పెట్టుకోవడం. రెండు గొట్టాలు, రెండు తూటాలు. తప్పితే బాతు ఎగిరిపోతుంది. పోనీ.

ఆ వేట ఇప్పుడు లేదు, ఉండకూడదు కూడా. 1972 వన్యప్రాణి చట్టం, దానికి 1991 సవరణ వచ్చాక మన దగ్గర సరదా వేట మూతపడింది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రాంసర్ జాబితాకెక్కింది. ఆటపాకలో గూడబాతుల్ని ఇప్పుడు కెమెరాతో కాల్చుకోవచ్చు, కావల్సినన్ని రీలోడ్లు :-)

అమెరికా సంగతి చూడండి. అక్కడ వేట ఉంది కదా, ఎన్ని తూటాలైనా నింపుకోవచ్చనుకుంటాం. 1935 నుంచీ వలస పక్షుల వేటలో తుపాకీలో మొత్తం మూడు తూటాలే పట్టాలని మామూలు నియమం. ఎక్కువ పడితే లోపల కర్ర ముక్క బిగించుకోవాలి. 1991 నుంచి నీటి పక్షుల వేటలో సీసం గుళ్ళ తూటా జేబులో ఉన్నా నేరమే. చూశారా, అంత తుపాకుల దేశం కూడా బాతు విషయంలో "నిదానంగా నింపరా నాయనా" అని చట్టం చేసింది. మన మిత్రులకి ఇంటి హాల్లో ఆ నిదానం అక్కర్లేదట!

ఇప్పుడు చేదు మాట. హెచ్1బీ మీద ఉన్నవాడికి అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కొనడం నిషేధం. కొన్ని మినహాయింపులున్నాయి. అందులో ఒకటి, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు. అదీ కిటుకు. మా వాడు ఏనాడూ చెరువు గట్టు మీద కొంగనైనా అదిలించినవాడు కాదు, వేట లైసెన్సు తీసుకున్నాడు, 4473 ఫారం నింపాడు, తుపాకీ తెచ్చుకున్నాడు. చట్ట ప్రకారం తప్పేం లేదు. కానీ వేటగాడి లైసెన్సు తీసుకున్నవాడు వేటగాడి క్రమశిక్షణ ఎందుకు తీసుకోడు? కాగితం కావాలి, నిదానం వద్దా?

"దొంగలొస్తే ఏం చెయ్యమంటావ్? నీకేం, ఇండియాలో కూర్చుని ఎన్నైనా చెబుతావ్" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. దూరంగా, భార్యా పిల్లలతో, అయినవాళ్ళెవరూ లేని ఊళ్ళో ఉండే భయం నిజమైందే. దాన్ని ఎగతాళి చెయ్యను. కానీ ఆ భయానికి మందు ఏడో తూటా కాదు. చీకట్లో ఎదురుగా ఉన్నదెవరో తెలియకుండా మొదటి తూటా కాల్చడమే అసలు ప్రమాదం. ఆ ఇళ్ళ గోడలు జిప్సం బోర్డులు, పెద్ద గుళ్ళు వాటిని దాటి పక్క గదిలోకి పోతాయి. పక్క గదిలో ఎవరు పడుకుంటారో నేను చెప్పక్కర్లేదు.

ఇంకా ముఖ్యమైంది ఇది. తుపాకీకి అంటించిన అర చేసే పని ఒక్కటే, తుపాకీనీ తూటాల్నీ ఎప్పుడూ ఒకేచోట ఉంచడం. వాడు దాన్ని సౌకర్యం అంటున్నాడు. వాడికి నాలుగేళ్ళ కొడుకున్నాడు. ఆ పిల్లాడికి తుపాకీ దొరికిన రోజున ఆరు తూటాలు కూడా దొరుకుతాయి. పాస్ వర్డ్ ని మానిటర్ కి అంటించేవాణ్ణి మనం ఆఫీసులో ఎంత వెటకారం చేస్తాం! ఇది అంతకంటే ఏం తెలివి?

కాబట్టి మావా, నా సమాధానం ఇది. రేంజికి వెళ్తే సంచీ చాలు. ఒక సంచీలో ఒకటే రకం తూటాలు. ఇంట్లో తుపాకీ ఒక బీరువాలో, తూటాలు ఇంకో పెట్టెలో, రెండిటికీ వేరే తాళాలు. నింపడం ఎంతసేపట్లో అని కాదు, ఖాళీ చేసి గొట్టంలోకి వేలు పెట్టి చూసుకోవడం అలవాటయ్యే దాకా సాధన చెయ్యి. బెల్టు మీద మరీ అంత మోజుంటే కట్టుకుని కొదమసింహం పాటకి డాన్సు చెయ్యి, వీడియో పంపు, నేను ఈల వేస్తాను. దాన్లో తూటాలు మాత్రం పెట్టకు.

తిట్టాలనుకున్నవాళ్ళు తిట్టండి, పడతాను. మా వాడి నుంచి మాత్రం ఒక్క ఫోటో కోసం ఎదురుచూస్తున్నా. బెల్టుది కాదు, తాళానిది.