కల్లు మానిన మూడో రోజు

2025 జులై. ఆషాఢం, బోనాల రోజులు. హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు కాంపౌండ్లలో తాగినవాళ్లు వాంతులు, విరేచనాలతో పదుల సంఖ్యలో నిమ్స్, గాంధీ ఆసుపత్రులకు చేరారు. కొందరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. పలువురు ప్రాణాలే పోగొట్టుకున్నారు. కల్లులో అల్ప్రాజోలం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. వెంటనే దాడులు, సీళ్లు, లైసెన్సుల రద్దు. అవన్నీ జరగాల్సినవే. అయితే తాగిన రోజు సంగతే అందరూ మాట్లాడారు. తాగుడు ఉన్నట్టుండి ఆగిపోయిన మూడో రోజు సంగతి ఎవరూ ఎత్తలేదు. అందుకే ఈ హెచ్చరిక.

వానాకాలంలో నగరం నడిబొడ్డున అన్నన్ని కల్లు సీసాలు నింపడానికి ఈతచెట్లు, తాటిచెట్లు ఎక్కడున్నాయి? చెట్టెక్కి గీసే గీత కార్మికుడిని ఈ పాపంలోకి లాగొద్దు. చాలాచోట్ల సీసాలోకి వస్తున్నది చక్కెర నీళ్లు, శాక్రిన్, పైన మత్తు పొడి. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం (డైజెపామ్). ఇప్పుడు ఎక్కువగా అల్ప్రాజోలం.

ఈ మందు ఆందోళన జబ్బుకు డాక్టర్లు కొద్దిరోజులకని రాసేది. బిళ్లలో సాధారణంగా ఉండేది పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము. లెక్క వేసుకోండి: ఒక్క గ్రాము పొడి అంటే 4,000 పావు మిల్లీగ్రాము బిళ్లలు. డ్రమ్ములో చేత్తో చల్లి కర్రతో కలిపేవాడికి ఏ సీసాలోకి ఎంత పోయిందో ఎలా తెలుస్తుంది? 2025 సెప్టెంబర్‌లో బోయిన్‌పల్లిలో ఈ పొడిని ఏకంగా ఒక బడి భవనంలోనే తయారుచేస్తూ పట్టుబడ్డారు. అదే కప్పు కింద పిల్లలు పాఠాలు వింటున్నారు.

మెదడులో కణాల హడావుడిని అణచిపెట్టే రసాయనం ఒకటుంది, పేరు గాబా. అల్ప్రాజోలం చేసేదల్లా ఆ గాబా పట్టును బిగించడమే. ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పగ్గాలు రోజూ గట్టిగా లాగి పట్టుకుంటే ఎడ్లు కొన్నాళ్లకు ఆ లాగుడుకు అలవాటుపడి, అంతకు మించి ముందుకు గుంజడం నేర్చుకుంటాయి. నిన్న ఒక సీసాకు వచ్చిన నిద్ర ఇవాళ రెండింటికి గానీ రాదు. అక్కడితో ఆగినా బాగుండేది. కానీ మత్తుకు అలవాటుపడ్డంత మాత్రాన ఊపిరికి రక్షణ లేదు. అదే రాత్రి పైన సారానో విస్కీనో పడితే శ్వాస ఆగిపోవచ్చు.

ఇక పగ్గాలు ఒక్కసారిగా వదిలేస్తే? దాడి జరిగి కాంపౌండు మూతపడిన మర్నాడు ఇంట్లో కనిపించేది అదే. పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి సగం ఒలికిపోతుంది. వంటి నిండా చెమట. రాత్రంతా కన్ను మూత పడదు. మరునాటికి గోడ మీద లేని పురుగుల్ని దులుపుతుంటాడు, ఎవరో పిలుస్తున్నారని బయటికి పరుగెత్తుతాడు. తర్వాత ఫిట్స్. నాలుక కొరుక్కుంటాడు. డైజోఫాం ఒంట్లోంచి నెమ్మదిగా దిగుతుంది కాబట్టి దాని తాలూకు ఫిట్స్ వారం గడిచాక కూడా రావచ్చు. చాలామంది దీన్ని గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టిస్తారు, లేదా పరువు పోతుందని గదిలో పెట్టి గొళ్లెం వేస్తారు. రెండూ ప్రాణం తీసే పనులే. 2015లో కల్తీపై దాడులు ముమ్మరం చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లోనూ, 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందూ ఇదే దృశ్యం. అంటే మనకు ఇది కొత్త కాదు, అయినా ప్రతిసారీ కొత్తగానే ఉలిక్కిపడతాం.

మీ ఇంట్లో రోజూ కాంపౌండు కల్లు తాగేవాళ్లుంటే ఒట్టు పెట్టించి ఇవాళే మాన్పించకండి. మానాల్సిందే, కానీ డాక్టరు చేతి కింద. అదే జాతి మందును కొలత ప్రకారం ఇచ్చి వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. మెడికల్ షాపులో బిళ్లలు అడిగి తెచ్చి సొంతవైద్యం చేయొద్దు. ఆసుపత్రిలో “కడుపునొప్పి” అని దాచొద్దు. “రోజూ ఇన్ని సీసాల కాంపౌండు కల్లు, ఫలానా రోజు ఆపాడు” అని నోరు తెరిచి చెప్పండి. ఆ ఒక్క మాటతో చికిత్స దారి మారిపోతుంది. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా పెట్టొద్దు, చేతిలో తాళాలు ఇరికించొద్దు, 108కి ఫోన్ చేయండి. మత్తు మాన్పించే సలహాకు 14446, మానసిక సహాయానికి 14416.

ఎక్సైజ్ శాఖకూ ఒక మాట. కాంపౌండుకు సీలు వేసే రోజు పొద్దున్నే ఆ మండలం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురు పెట్టండి. లొరాజెపామ్, డైజెపామ్ ఇంజెక్షన్లు, ఆక్సిజన్, రాత్రి డ్యూటీకి ఒక డాక్టరు అక్కడ ఉన్నారో లేదో చూసుకున్నాకే తాళం తీసుకుని బయల్దేరండి.