ఇరవై నిమిషాల సఫర్ ఎవరిది?

కడప విమానాశ్రయానికీ కర్నూలు వాళ్ల ఓర్వకల్లు విమానాశ్రయానికీ గాలిలో ఫాసలా సుమారు 150 కిలోమీటర్లే. గంటకు 500 కిలోమీటర్లు పోయే ఏటీఆర్‌కు ఇరవై నిమిషాలు కూడా పట్టదట. ఈ హిసాబు చెప్పి మురిసిపోయే భాయీలకు నాదొకటే సవాల్: ఆ విమానం ఏది? 2021 మార్చిలో ఓర్వకల్లు నుంచి సర్వీసులు మొదలైనప్పుడు బెంగళూరుకు వేశారు, చెన్నైకి వేశారు, విశాఖకు వేశారు. పక్కనున్న కడప ఎవరికి యాదొచ్చింది?

పోనీ, వేశారనే అనుకుందాం. పైకెక్కడానికీ దిగడానికీ పట్టే వక్త్ ఆ ఇరవై నిమిషాల్లో లేదు. గంట ముందే పోయి కూర్చోవాలి. ఓర్వకల్లు కర్నూలుకు ఇరవై కిలోమీటర్ల బయట, కడప ఏర్‌పోర్టూ ఊరి బయటే. ఆటో కిరాయి ఎవరు లెక్కేశారు?

పెద్ద దర్గా ఉర్స్‌కు మా ఖాలా ఇప్పటికీ నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులోనే పోతుంది. రెండొందల కిలోమీటర్లు, నాలుగైదు గంటలు, మోకాళ్ల నొప్పులు. నక్షా మీద గీత గీసి ఆమెకు ఇరవై నిమిషాలని చెప్పడం మజాకా? ఉర్స్ రోజుల్లో ఆ రూటుకు నాలుగు బస్సులు ఎక్కువ వేయండి, బస్టాండ్లలో ఆడోళ్లకు సాఫ్‌గా ఉండే బాత్రూములు కట్టండి. విమానం సంగతి తర్వాత మాట్లాడదాం.