విస్తీర్ణం లెక్క సరే, జీవాల లెక్క ఏది?

ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశంలో 2002లో పులులు 3,642. ఇరవై ఏళ్ల తర్వాత, 2022లో 3,682. రెండంకెలూ పక్కపక్కన పెడితే, ఇన్నేళ్ల శ్రమకు పెరిగింది నలభై పులులేనా అనిపిస్తుంది. కానీ మొదటి అంకె పాదముద్రల ఆధారంగా వేసింది. ఒకే పులి రెండుసార్లు లెక్కలోకి ఎక్కినా పట్టుకునే మార్గం లేదు. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులు కాగితాల మీద తిరుగుతూనే ఉండగా, 2005 నాటికి అడవిలో ఒక్కటీ మిగల్లేదని తేలింది. వేటగాళ్లు ఊడ్చేశారు. ఆ దెబ్బతో లెక్క మారింది. కెమెరాలు పెట్టి, చారలను బట్టి ఏ పులి ఏదో పోల్చుకోవడం మొదలైంది. 2006లో తేలిన సంఖ్య 1,411. అప్పటి నుంచి 3,682కు చేరడంలో మరిన్ని చోట్ల వెతకడం పాత్ర కొంత ఉన్నా, పులులు పెరిగిన మాట నిజం.

పులికి దక్కిన ఈ లెక్క మిగతా జీవాల్లో చాలావాటికి దక్కదు. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో కూడిన దేశాలు 2030 నాటికి భూమిలో, సముద్రంలో 30 శాతం చొప్పున రక్షించాలని తీర్మానించాయి. అప్పటికి భూమిలో రక్షణ కింద ఉన్నది సుమారు 17 శాతం. అందరి దృష్టీ ఇప్పుడు ఈ శాతం మీదే. విస్తీర్ణాన్ని మ్యాపు చూసి కొలవొచ్చు. లోపల ఏం బతుకుతోందో తెలియాలంటే ఏటా కాళ్లరిగేలా తిరగాలి. ప్రభుత్వాలకు ఏది సులువో వేరే చెప్పాలా?

ఉమ్మడి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడునే తీసుకుందాం. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. కంచె లోపల గడ్డి పెరిగింది, కృష్ణజింకలు వృద్ధి చెంది చుట్టుపక్కల చేలమీద పడ్డాయి, రైతులకు కడుపు మండింది. బట్టమేకకు మాత్రం ఆ ముక్క సరిపోదు. ఏటా సాధారణంగా ఒక్క గుడ్డే, అదీ నేలమీదే పెట్టే పక్షి అది. దానికి మైళ్ల కొద్దీ బయలు కావాలి. ఆ బయలు కాస్తా పొలాలుగా మారిపోయింది. ఇప్పుడు రోళ్లపాడులో బట్టమేక లేదు. దేశం మొత్తమ్మీద మిగిలినవి నూటయాభైకి మించవని అంచనా, అవీ ఎక్కువగా థార్ ఎడారిలో, కరెంటు తీగల మధ్య. తప్పు కాపలా సిబ్బందిది కాదు. కానీ విస్తీర్ణం కూడికలో రోళ్లపాడు ఇప్పటికీ రక్షిత ప్రాంతమే!

దీనికి రెండో వైపు కూడా ఉంది. 147 దేశాల రక్షిత ప్రాంతాలను పరిశీలించి జొప్పా, ఫాఫ్ అనే పరిశోధకులు 2009లో ఒక సంగతి బయటపెట్టారు: అవి ఎక్కువగా ఎత్తైన, ఏటవాలు నేలల్లో, ఊళ్లకు, రోడ్లకు దూరంగా ఉన్నాయి. నాగలి ఎక్కని కొండకు హద్దులు గీసి, అక్కడ అడవి నిలిచిందని చెప్పుకుంటే గొప్పేముంది? అలాంటిదే మరో కొండను, రక్షణ లేనిదాన్ని, పక్కన పెట్టి చూస్తేనే హద్దులు సాధించిందెంతో తెలుస్తుంది. మైదానాలకైతే ఆ పోలిక మరీ అవసరం, ఒత్తిడంతా అక్కడే కనుక.

ఇక పత్రికల శీర్షికలకెక్కే ప్రపంచ సగటులు. 1970-2020 మధ్య వన్యప్రాణులు 73 శాతం తగ్గాయని లివింగ్ ప్లానెట్ నివేదిక 2024లో చెప్పినప్పుడు, వందలో డెబ్బైమూడు జంతువులు చచ్చిపోయాయని చాలామంది రాసేశారు. అది గమనిస్తున్న సమూహాల్లో వచ్చిన తగ్గుదలకు సగటు మాత్రమే. ఈ నివేదికల పాత గణాంకాలనే తిరగేసిన 2020 నాటి నేచర్ పత్రిక వ్యాసం, బాగా దెబ్బతిన్న 3 శాతం లోపు సమూహాలను పక్కన పెడితే ఆ తగ్గుదల మాయమవుతుందని చూపింది. అంటే నష్టం అబద్ధమని కాదు, అది కొన్నిచోట్ల గుట్టగా పడుతోందని. సగటు దాచేది సరిగ్గా ఆ చోట్లనే.

అందుకే అంతా బాగుందనే ధీమాకూ, అంతా అయిపోయిందనే నిరాశకూ మందు ఒకటే: ఒకే చోట, ఒకే నెలలో, ఒకే పద్ధతిలో ఏటా లెక్క. జనవరిలో చెరువుల గట్లమీద ఔత్సాహికులు చేసే ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచీ సాగుతోంది, దానికి కోట్లేమీ ఖర్చు కాదు. గడ్డిమైదానాలకూ అలాంటిదే పెట్టాలి. ప్రతి అభయారణ్యం లోపలి అంకెలను, హద్దు అవతలి అంకెలను అటవీశాఖ ఏటా పక్కపక్కనే ప్రచురించాలి, తగ్గిన ఏడాది కూడా.