డిసెంబరు 7 నాటి జెండా

ప్రతి ఏడూ డిసెంబరు 7వ తేదీన మా ఆఫీసుకు ఒక డబ్బా వస్తుంది. డబ్బాతో బాటు కాగితపు జెండాలు వస్తాయి. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం, మూడు రంగులు మూడు దళాలకు. మేము పది రూపాయలు వేసి, జెండాను చొక్కాకు గుచ్చుకొని, సాయంత్రం దాకా కొంచెం నిటారుగా నడుస్తాము. మర్నాడు మా ఆవిడ చొక్కా ఉతకబోయి గుండుసూది గుచ్చుకొని మమ్ములను నాలుగు మాటలంటుంది. ఇరవై ఏండ్లుగా ఇదే వరుస. ఆ పది రూపాయలు ఎక్కడికి పోతాయని ఒక్కనాడైనా అడిగిన పాపాన పోలేదు.

అడగవలసిన అవసరం 2025 జూన్ నెలలో ఒక ఆదివారంనాడు మన సంఘం మెట్లెక్కి వచ్చింది. ముప్పయి ఐదేండ్ల అమ్మాయి, చేతిలో ప్లాస్టిక్ సంచి, వెనుక ఎనిమిదో తరగతి కుర్రవాడు, వాని చేయి పట్టుకొని అయిదో తరగతి చెల్లెలు. “అన్నయ్యా, ఈ ఫారం కాస్త చూస్తారా?” అన్నది. పుట్టిల్లు ఇక్కడే, హలసూరులో. తాతల నాడే చిత్తూరు వైపునుండి వచ్చి స్థిరపడినవారు. అత్తవారిది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. భర్త సిపాయి. కొండదారిలో సైనిక వాహనం లోయలో పడి పోయినాడు. పిల్లలతో పుట్టింటికి వచ్చింది.

మేము ఆఫీసులో ఫారములతోనే బ్రతికేవాళ్లము గదా, ఇదెంత పని అనుకున్నాము. సంచి విప్పిన తరువాత తెలిసింది.

సైన్యపు కాగితాలలో తండ్రి పేరు మన పద్ధతిని వ్రాసి ఉన్నది, ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. బడిలో కుర్రవాని పేరు ఈ ఊరి పద్ధతిని వ్రాసి ఉన్నది, పేరు ముందు, పొడి అక్షరం వెనుక. ఆధారు కార్డులో ఇంటిపేరే లేదు. మూడు కాగితాలూ చూచినవాడు ముగ్గురు వేరు వేరు మనుషులనుకోవాలి. ఇక చిన్నపిల్ల పేరు సైన్యపు రికార్డులో ఎక్కనే లేదు. సిపాయికి బిడ్డ పుడితే ఆ సంగతి ‘పార్టు టూ ఆర్డరు’ అనే దానిలో ప్రకటించాలట. పాపం, అతడు సెలవులో వచ్చి బిడ్డను చూచుకొని వెళ్లినాడే గాని ఆ కాగితం పెట్టలేదు. మనలో ఎందరు పెడతాము?

ఇళ్లలో తెలుగు, వీధిలో కన్నడం, కాగితం మీద ఇంగ్లీషు, ఈ మూడింటి నడుమ మన ఇంటిపేర్లు ఎన్ని వంకరలు తిరుగుతున్నవో మన పాఠకులకు మేము చెప్పనక్కర లేదు. మా పేరే మా జీతపు పుస్తకంలో ఒక విధంగాను, మెట్రిక్యులేషను సర్టిఫికెట్టులో మరొక విధంగాను ఉన్నది. మాకు దానివల్ల పోయినదేమీ లేదు. ఆ పిల్లలకు ఏడాది చదువు పోబోయింది.

ఒక పూట సెలవు పెట్టి ఆమెతో వెళ్లాము. అక్కడివారు “మీ రికార్డు ఆంధ్రలో ఉన్నది, అక్కడికి పొండి” అన్నారు. ఆంధ్రలోనివారు “నివాసం బెంగుళూరు గదా, అక్కడే అడగండి” అని ఆమెకు అంతకుముందే చెప్పి ఉన్నారు. ఎవరిదీ తప్పు కాదు, ఇద్దరూ తమ తమ పుస్తకం చూచే చెప్పారు. చివరకు బల్ల వెనుకనుండి ఒక పెద్దమనిషి, రిటైరయిన హవల్దారు, లేచి వచ్చి మమ్ములను టీ కొట్టు దగ్గరకు తీసుకుపోయి అరగంటలో అంతా విడమరచి చెప్పినాడు. ఆయన చెప్పగా మాకు అర్థమైనంత వరకు ఇక్కడ వ్రాస్తున్నాము.

యుద్ధంలో మరణించినవారి, జాడ తెలియనివారి, అంగవికలులైనవారి పిల్లలకు కేంద్రప్రభుత్వపు చదువు రాయితీ ఒకటున్నది. 1971 యుద్ధం ముగిసిన రోజులలో లోక్‌సభలో ప్రకటించినది. బడి జీతం, హాస్టలు ఖర్చు, పుస్తకాలు, దుస్తులు అందులోకి వస్తాయి. 2017లో బడి జీతానికీ హాస్టలుకూ కలిపి నెలకు 10,000 రూపాయలు మించరాదని హద్దు పెట్టారు. గొడవ కాగా 2018 మార్చిలో ఎత్తివేశారు. అయితే మన అమ్మాయి భర్త వాహన ప్రమాదంలో పోయినందున ఇది వర్తించదన్నారు. దేశం పనిమీద పోయిన ప్రాణానికి కూడా కాగితం మీద తరగతులున్నవన్నమాట. ఆ మాట విని ఆమె ఏమీ అనలేదు. మేమే తల వంచుకున్నాము.

రెండవది, రక్షణమంత్రి పేరిట ఉన్న మాజీ సైనికుల సంక్షేమ నిధి. హవల్దారు హోదా వరకు ఉన్నవారి కుటుంబాలలో ఇద్దరు పిల్లలకు, ఒకటవ తరగతి మొదలు డిగ్రీ వరకు, నెలకు ఇంత అని ఇస్తారు. ఈ నిధికి డబ్బు వచ్చేది సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి నుండి. అనగా మన పది రూపాయల డబ్బా! 1949 ఆగస్టులో ఒక సంఘం కూర్చుని డిసెంబరు 7ను పతాక దినంగా నిర్ణయించినది. విడివిడిగా ఉన్న నిధులు కొన్ని 1993లో ఒకటిగా కలిశాయి. ఇరవై ఏండ్లు గుండుసూది గుచ్చుకొని తిరిగిన మాకు ఈ సంగతి టీ కొట్టు దగ్గర తెలిసింది.

మూడవది, ప్రధానమంత్రి విద్యార్థి వేతనం. ఇంజనీరింగు, వైద్యం వంటి చదువులలో చేరినవారికి. మగపిల్లలకు నెలకు 2,500, ఆడపిల్లలకు 3,000. అది మన కుర్రవాడు ఇంటర్మీడియెట్ దాటినప్పటి మాట.

రాష్ట్రాలు ఇచ్చేది వేరు. 2020 జూన్‌లో గల్వాన్‌లో అసువులు బాసిన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు గారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్ల రూపాయలిచ్చింది. ఇవ్వవలసిందే. పేపర్లలో పేరు పడని సిపాయి ఇంటికి, అందులోను ఒక రాష్ట్రంలో పుట్టి మరొక రాష్ట్రంలో కాపురముండే మనవంటి వారింటికి, ఏది ఎక్కడ అడగాలో చెప్పే నాథుడుండడు.

పేర్ల విషయం ప్రమాణపత్రాలతో సరిపెట్టి, చిన్నపిల్ల పేరు రికార్డులో ఎక్కించి, దరఖాస్తు పంపేసరికి డిసెంబరు వచ్చింది. ఆలస్యం అమృతం విషం అంటారు. ఈ ఒక్కమారు కొంచెం తియ్యగానే తేలింది. నెలకు 1,000 ఉన్న సాయాన్ని 2025 నవంబరు 1 నుండి వచ్చే దరఖాస్తులకు 2,000 చేశారు. ఇద్దరికీ కలిపి ఏడాదికి 48,000.

కాని బడివారు జీతం అడిగేది జూన్‌లో. సర్కారు సాయం వచ్చేది పిల్లవాడు ఆ తరగతి ప్యాసయిన తరువాత. ఈ నడుమ ఏడాదిని ఎవరు మోయాలి? ఇదే ప్రశ్న మన కార్యవర్గంలో పెట్టాము. ఒక సభ్యుడు “ప్రభుత్వం ఇస్తూండగా మనమెందుకు?” అన్నారు. మరొకరు ఉగాది సభలో ఆమెను వేదికనెక్కించి శాలువా కప్పి, చందాలు అక్కడే పోగుచేద్దామన్నారు. ఉద్దేశం మంచిదే, కాదనము. కాని ఎనిమిదో తరగతి కుర్రవాడు, తన బడి స్నేహితులు ముందు వరుసలో కూర్చుని ఉండగా, తన తండ్రి చావును మైకులో వినాలా? శాలువాతో పుస్తకాలు రావు. ఈ మాట మేము కొంచెం గట్టిగానే అన్నాము. అందుకు ఆ పెద్దలు మమ్ములను క్షమింతురు గాక.

మన పుస్తక నిధి నుండి ఇద్దరి జీతమూ పుస్తకాల ఖర్చూ చల్లగా బడికే కట్టివేశాము. ఆమె దానిని అప్పుగానే తీసుకుంటానన్నది. సర్కారు డబ్బు వచ్చినప్పుడు నిధికి తిరిగి కడుతుందట. వద్దంటే కాగితం సంచిలో పెట్టుకొని వెళ్లిపోయేటట్టు కనబడింది, సరేనన్నాము. ఈ మాటలు వ్రాసేనాటికి డబ్బు ఇంకా రాలేదు. కుర్రవాడు తొమ్మిదిలోకి వచ్చినాడు, లెక్కలలో మాత్రం మన పోలికే.

మన కుటుంబాలలో సైన్యంలో ఉన్న అల్లుళ్లు, కొడుకులు ఉన్నవారు దయచేసి ఈ వారమే ఒక పని చేయండి. పెండ్లి, పిల్లల పుట్టుక రికార్డులో ఎక్కినవో లేదో, ఇంటిపేరు అన్ని కాగితాలలో ఒకే విధంగా ఉన్నదో లేదో ఉత్తరం వ్రాసి కనుక్కోండి. ఫారములు నింపవలసినవారు ఆదివారం ఉదయం పది గంటలకు సంఘానికి రావచ్చు. మేము ఉంటాము. ఆ రిటైరయిన హవల్దారు గారు కూడా వస్తానన్నారు, ఆయనకు కన్నడం తప్ప తెలుగు రాదు గాని కాఫీ ఇస్తే చాలు.