సీసా మొక్కకు ఎండ అలవాటు

ఉదయగిరి, ఆత్మకూరు ఎండల సంగతి చెప్పేదేముంది! ఆ ఎండలో సీసాలోంచి తీసిన టిష్యూకల్చర్ అరటి మొక్కను నేరుగా నాటితే సాయంత్రానికే వాడిపోతుంది. తప్పు మొక్కది కాదు. సీసా నిండా తేమే. తిండి కూడా చక్కెర కలిపిన జెల్లీ నుంచే. అందుకే ఆకుమీద మైనపు పూత సరిగా ఏర్పడదు, పత్రరంధ్రాలు వేళకు మూసుకోవు. ఒంట్లో నీరంతా ఆవిరైపోతుంది.

బయటికి తీయగానే వేళ్లకంటిన జెల్లీని కడిగేయాలి, మిగిలితే బూజు పడుతుంది. కొబ్బరిపొట్టు నింపిన ట్రేలలో నాటి, పాలిథిన్ కప్పి, రోజూ కాస్త కాస్త తెరుస్తూ పోవాలి. ఇది నాలుగైదు వారాల పని. ఆపైన మట్టి సంచుల్లో, షేడ్‌నెట్ నీడన మరో ఐదారు వారాలు. తొందరపాటంతా ఇక్కడే! చవగ్గా వస్తోందని ట్రే మొక్కనే తెచ్చి పొలంలో పెడితే పెట్టుబడి ఎండపాలే. అడుగు ఎత్తు, ఐదారు ఆకులున్న సంచి మొక్కను అడిగి కొనాలి. రోహిణి కార్తె దాటి, గాలి చల్లబడ్డాక సాయంత్రం పూట నాటాలి.