యౌంట్‌విల్‌లో ఆగిపోయిన బాట

నాపా కౌంటీ సూపర్‌వైజర్ల బోర్డు సభ్యులకు,

శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే మీ నాపా లోయకు తీసుకొస్తాం. వాళ్లకు వైన్‌తో పనిలేదు, కారు నడపరు. పొద్దున్నే భయం లేకుండా నాలుగడుగులు వేసే చోటుంటే చాలు.

నాపా నుంచి యౌంట్‌విల్ దాకా ఉన్న వైన్ ట్రెయిల్ (Vine Trail) అనే నడక, సైకిల్ బాట వాళ్లకు ఆ చోటిచ్చింది. ఫిబ్రవరిలో అయితే ద్రాక్ష సాళ్ల నడుమ ఆవపూలు విరగబూసి ఉంటాయి. మా అమ్మ ఒంగి ఒక రెమ్మ తుంచి, నలిపి వాసన చూసి, "మన ఆవాలే" అంది. అంతలో పక్క పట్టాల మీద వైన్ ట్రైన్ వచ్చింది. వందేళ్లు దాటిన పుల్‌మన్ పెట్టెలు, తొందరేమీ లేని నడక. కిటికీలోంచి ఎవరో చెయ్యి ఊపితే నాన్న కూడా ఊపాడు.

యౌంట్‌విల్ దాటితే బాట లేదు. 29వ నంబరు హైవే అంచే గతి.

ఈ ట్రెయిల్‌ను వలేహో పడవల రేవు నుంచి కాలిస్టోగా దాకా 47 మైళ్ల బాటగా అనుకున్నారు. 2024లో సెయింట్ హెలీనా, కాలిస్టోగా మధ్య 8 మైళ్ల పైచిలుకు తెరిచారు, సంతోషం. కానీ ఓక్‌విల్, రూథర్‌ఫోర్డ్‌ల మీదుగా పోయే నడిమి ముక్క లేకపోతే రెండు కొసలూ కలవవు. మాలాంటి చుట్టపుచూపు వాళ్లం కారెక్కి వెళ్లిపోతాం. కోతల కాలంలో రాత్రిపూట దీపాల వెలుగులో ద్రాక్ష కోసేవాళ్ల మాటేమిటి? హోటల్ గదులు తుడిచేవాళ్ల మాటేమిటి? వాళ్లలో కారు లేనివాళ్లు సైకిలెక్కితే, పక్కనే దూసుకుపోయే లారీలకూ వాళ్లకూ మధ్య ఒక తెల్లగీతే అడ్డు.

పొలాల యజమానుల బెంగ నాకు తెలుసు. మాదీ వ్యవసాయ కుటుంబమే, సెంటు భూమి విలువ ఎరుగుదుం. 1968లోనే సాగుభూమికి చట్టంతో కంచె కట్టిన కౌంటీ మీది, అది చెక్కుచెదరకూడదు. అందుకే రైలు దారినే అడుగుతున్నాను. కాలిస్టోగా వేడినీటి బుగ్గలకు జనాన్ని చేర్చాలని శామ్ బ్రానన్ అనే వ్యాపారి 1864లో మొదలుపెట్టిన దారి అది. పట్టాల పక్కన వీలున్న చోటల్లా బాట వేసి, వీలుకాని చోటే పొలాన్ని అడగండి.

రైలు యాజమాన్యాన్నీ, రైతులనూ, హైవే చూసే రాష్ట్ర శాఖనూ ఒకచోట కూర్చోబెట్టండి. గడువు ప్రకటించండి. ముందు యౌంట్‌విల్ నుంచి ఓక్‌విల్ దాకా పని మొదలుపెట్టండి.

ఇట్లు,
మీ లోయకు తరచూ వచ్చే ఒక తెలుగు కుటుంబం